సోలార్ బాయి అక్క

ఆ ఉదయం నా బల్ల మీద ఉన్నది సోలార్ బాయి అని మేం పిలిచే ప్లాంటు వాళ్ల నీళ్ల పంపు మోటారే. కాలిపోయిన తీగంతా ఊడదీసి కొత్త రాగి తీగ చుడుతున్నాను. ఫోన్ మోగింది. చేతులకు వార్నిష్ ఉంది కాబట్టి ఎత్తలేదు. మళ్లీ మోగింది. చివరికి చిటికెన వేలితో నొక్కి స్పీకర్ పెట్టాను. లచ్చవ్వ. సోలార్ పలకలు కడిగే ఆడవాళ్లలో పెద్దామె.

"అన్నా, అక్క పాణం ఇడిసింది. కరీంనగర్ దవాఖానల. ఇప్పుడే ఫోనొచ్చింది."

"మోటారు పొద్దుమీకి ఇస్త లచ్చవ్వా" అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు.

"మోటారుకేమాయెనే? అక్క పోయిందంటున్న" అని లచ్చవ్వ ఏడ్చింది.

చేతిలో చుట్ల లెక్క తప్పింది. చుట్టినదంతా విప్పి మొదటి నుంచి చుట్టాను. చేతులు ఆడుతుంటే మనిషి కూలబడకుండా ఉంటాడు. ఆ ఒక్క సంగతి నా వృత్తి నాకు నేర్పింది.

మర్నాడు పేపర్లో జిల్లా పేజీలో చిన్న వార్త వచ్చింది. స్వచ్ఛ ఇంధన రంగ నిపుణురాలు, విధాన సలహాదారు కన్నుమూత అని. ఎప్పటిదో ఫొటో వేశారు. నిపుణురాలే, కాదనను. దేశం నలుమూలలా ఎండ నుంచి కరెంటు ఎట్లా తీయాలో, తీసినదాన్ని పొద్దు గూకినాక వాడుకోవడానికి ఎట్లా దాచాలో తెలిసిన కొద్దిమందిలో ఒకతె. కానీ నాకు ఆమె గోడ పక్క అక్క. ఆ నిపుణురాలి గురించి రాసేవాళ్లు ఢిల్లీలో ఉంటారు. నేను అక్క గురించి రాస్తున్నాను.

మా రెండిళ్లకు గోడ ఒక్కటే. వాళ్ల నాన్న గనిలో బొగ్గు ఎత్తే మనిషి, మా నాన్న మోటార్ల మెకానిక్. మా ఇంట్లో దక్కనీ ఉర్దూ, వాళ్లింట్లో తెలుగు. గోడ మీదుగా రెండూ కలిసిపోయేవి. మా అమ్మ ఆమెను "బేటీ" అని పిలిచేది, తిట్టాల్సి వస్తే మాత్రం తెలుగులోకి దిగేది. ఆ తిట్లు వినడానికే అక్క మా ఇంటికి వచ్చేదేమో అనిపిస్తుంది. ఢిల్లీ నుంచి ఒకసారి అమ్మకు ఇండక్షన్ పొయ్యి తెచ్చిచ్చింది. బొగ్గు పొయ్యి ముందు దగ్గుతూ కూర్చుంటున్నావు, ఇక చాలు అని. అమ్మ దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసింది.

"మంట ఏడున్నదే దీంట్ల?"

"మంట ఉండదు అమ్మీ. గట్లనే వేడెక్కుతది."

"మంట కనవడకపోతె కూర ఉడికిందో లేదో ఎట్ల నమ్మాలె?"

ఆ పొయ్యి మీద అమ్మ నీళ్ల కుండ పెట్టుకుంది. కుండకు ఎత్తు సరిగ్గా సరిపోయింది. అక్క వచ్చినప్పుడల్లా ఆ కుండలోని నీళ్లే ముంచుకుని తాగేది. "దేశానికి జెప్తున్న గనీ, గోడ పక్కకు జెప్పలేకపోయిన తమ్మీ" అని నవ్వేది. అప్పుడు అది నిజంగా నవ్వే.

ఎవరింటికి పోయినా ముందు కరెంటు మీటరు చూసేది. పలకరింపు ఆ తర్వాతే. పట్టపగలు వీధి దీపం వెలుగుతుంటే స్తంభం దగ్గర నిలబడి, దాని స్విచ్చు డబ్బా తెరవగలిగిన మనిషి దొరికేదాకా కదిలేది కాదు. ఆ మనిషి సాధారణంగా నేనే. చాయ్ సాసర్లో పోసుకునే తాగేది. పెద్ద పెద్ద మీటింగుల్లోనూ అట్లాగే తాగుతావా అని అడిగితే, "గక్కడ సాసర్లు చిన్నగుంటయిరా" అంది.

ఆమె చదువు మొదలైంది ల్యాంప్ రూమ్ కిటికీ దగ్గర. గనిలో పైకప్పు కూలి కాలు దెబ్బతిన్నాక వాళ్ల నాన్నకు పైన పని ఇచ్చారు. కార్మికులు తలకు పెట్టుకునే లైట్లకు చార్జింగ్ పెట్టడం, దిగేటప్పుడు ఇవ్వడం, పైకొచ్చాక తీసుకోవడం. దానికొక పద్ధతి ఉండేది. దిగే మనిషి తన నంబరున్న ఇత్తడి బిళ్లను బోర్డు మీద కొక్కేనికి తగిలించి లైటు తీసుకోవాలి. పైకొచ్చాక లైటు అప్పగించి బిళ్ల తీసుకుపోవాలి. బిళ్ల బోర్డు మీద ఉందంటే మనిషి ఇంకా కిందనే ఉన్నాడన్నమాట. ఒక్క బిళ్ల మిగిలినా ల్యాంప్ రూమ్‌కు తాళం పడదు, డ్యూటీలో ఉన్నవాడు ఇంటికి పోడు.

అక్క సద్ది పట్టుకుని నాన్న దగ్గరికి పోయేది. ఒక మధ్యాహ్నం షిఫ్టు అయిపోయినా ఆయన అన్నం ముట్టలేదట. బోర్డు మీద ఒక్క బిళ్ల. కింద వెతకడానికి మనుషులు దిగారు. ఆ బిళ్లవాడి పెండ్లాం గని మూతి దగ్గర నేల మీద కూర్చుని గుండెలు బాదుకుంటోంది. సంగతేమిటంటే, ఆ మహానుభావుడు ఇంకో మూతి నుంచి పైకొచ్చి, తల మీద లైటుతోనే నేరుగా కల్లు కాంపౌండుకు పోయాడు. దొరికాక పెండ్లామే నాలుగు తగిలించిందట. అక్క ఈ కథ చెప్పి చెప్పి నవ్వేది. కానీ చివర ఒక మాట ఎప్పుడూ మరిచేది కాదు. "నాయిన ఆడికెల్లి కదలలేదు తమ్మీ. వాడు తాగుబోతని అందరికీ ఎరుకే. ఐనా కదలలేదు. బోర్డు ఖాలీ అయితెనే ఇంటికి."

ఆ లైట్ల బ్యాటరీలే ఆమెను ఇంజినీరింగుకు తీసుకుపోయాయి. వరంగల్ పోయింది, అక్కడి నుంచి ఢిల్లీ పోయింది. చాలా ఏళ్లు బ్యాటరీల మీదే పనిచేసింది. ఆ పనిలో పేరొచ్చాక హఠాత్తుగా దాన్ని వదిలి, ప్రభుత్వాలకు విధానాలు రాసిచ్చే పనిలోకి మారింది. అందరూ తిట్టారు. నేనూ తిట్టాను. "మిషన్లు తయారైనయి తమ్మీ. మనుషుల సంగతి ఎవ్వలు రాస్తలేరు" అంది.

బొగ్గు తినే ఊళ్లో పుట్టి, బొగ్గు పోతుందని టీవీలో చెప్తే ఊరు ఊరుకుంటుందా? ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నారు. మా గల్లీలో ఒకాయన వాళ్ల నాన్నను నిలబెట్టి అడిగాడు. "నీ బిడ్డ మన నోట్ల మన్ను కొడ్తదా ఏందే?"

ముసలాయన కట్టె మీద ఆనుకుని నిదానంగా చెప్పాడు. "బొగ్గు ఒడ్సినంక మిగిలేది మన్నే గద బావా. నా బిడ్డ గప్పటి సంగతి జూస్తున్నది."

నిజంగానే ఆమె చూసింది అదే. గని మూతపడిన చోట కొత్త కరెంటు వస్తే, అక్కడి పని ఆ గని కుటుంబాలకు హక్కుగా రావాలి. తండ్రి తర్వాత కొడుక్కి గని పని వచ్చినట్టే రావాలి. ఈ ఒక్క వాక్యాన్ని విధానంలోకి ఎక్కించడానికి ఆమె వయసంతా పోయింది. ఎన్ని కమిటీలు, ఎన్ని మీటింగులు! తల నెరిసింది, మోకాళ్లు అరిగాయి. ఆఖరుకు వాక్యం ఎక్కింది. దాని ముందు ఎవరో "సాధ్యమైనంత మేరకు" అని చేర్చారు. వాళ్ల నాన్న పోయాక గోడ పక్క ఇంటికే తిరిగి వచ్చేసింది. వచ్చిన రోజే నాకు ఆ కాగితం చూపించింది. నేను చదివి, బాగానే ఉంది కదా అన్నాను. "రెండు మాటలు తమ్మీ. ఆ రెండు మాటలతోని వాకిలి తీసే పెట్టిండ్రు, ఎవ్వల దిక్కు వాళ్లు పోవచ్చు" అంది.

అయినా పట్టు విడవలేదు. మా దగ్గర మూతపడ్డ గని నేల మీద సోలార్ పెడతామని బయటి సంస్థ ఒకటి వచ్చినప్పుడు కమ్యూనిటీ హాలులో జనాన్ని కూర్చోబెట్టి తనే చెప్పింది. అంతా విని ఒక ముసలి కార్మికుడు లేచాడు.

"అమ్మా, దీనికి షిఫ్టులెన్ని?"

అక్క చెప్పింది, "రాత్రి ఎండుండదు గద కాకా. ఒక్కటే షిఫ్టు."

"అయితె రెండు షిఫ్టుల మనుషులు ఇప్పుడే ఇంటికి పాయె."

హాలంతా గొల్లున నవ్వింది. అక్క కూడా నవ్వింది. ఇంటికి నడిచి వస్తూ మా గల్లీ మలుపులో ఆగి అంది: "నేనొక తప్పు జేసిన తమ్మీ. కరెంటు పుట్టె కాడ ఊరు పుడ్తదనుకున్న. క్వార్టర్లు, దవాఖాన, బడి, గ్రౌండు. చిన్నప్పటి సంది నేను జూసింది గదే గద. ఎండకు ఊరు అక్కర లేదని నాకు తట్టలే."

ఢిల్లీలో పుట్టినవాళ్లెవరూ ఈ తప్పు చేయరు. మా ఖని ఊళ్లో పుట్టినవాళ్లే చేస్తారు. మాకు కరెంటంటే సైరన్, బస్సు నిండా మనుషులు, జ్యోతినగర్ కరెంటు ప్లాంటు దిక్కు ఎప్పుడూ కనిపించే పొగ గొట్టాలు. మనిషి లేకుండా కరెంటు పుడుతుందంటే మా అమ్మ మంట లేని పొయ్యిని చూసినట్టే చూస్తాం. అక్క అన్ని దేశాలు తిరిగి వచ్చి కూడా లోపల మా అమ్మే.

సోలార్ వచ్చింది. కంచె, గేటు, వరుసలు వరుసలుగా నీలం పలకలు. మా దగ్గర గనిని బాయి అంటాం కాబట్టి జనం దాన్ని సోలార్ బాయి అన్నారు. ప్రతి బాయి మూతి దగ్గరా మైసమ్మ ఉంటుంది కాబట్టి ఆడవాళ్లు గేటు పక్కన ఒక రాయి నిలబెట్టి పసుపు పూశారు. మేనేజరు కుర్రాడు కంగారుపడ్డాడు. "ఉండనియ్యి నాయినా, నీ పలకల మీద నీడ పడదు" అని అక్క సర్దిచెప్పింది.

లోపల ఊరికి దొరికిన పని మూడే రకాలు. గడ్డి కోయడం, కాపలా, పలకలు కడగడం. మొదటి రెండూ ఎవరెవరి మనుషులకో పోయాయి. కడిగే పని మాత్రం ఆ మూతపడ్డ గని కుటుంబాల ఆడవాళ్లకే ఇవ్వాలని అక్క కాళ్లరిగేలా తిరిగి సాధించింది. తన జీవితమంతటి వాక్యంలో నేల మీదికి దిగింది ఆ ఒక్క ముక్కే. లచ్చవ్వ మొగుడు ఆ బాయిలోనే పనిచేసి, అది మూతపడ్డాక మంచాన పడి పోయాడు. ఆమె ఇద్దరు బిడ్డల చదువు ఆ పలకల మీదే నడిచింది.

పలక వేడెక్కాక నీళ్లు పడితే పగిలే భయం. అందుకని పొద్దు పొడవకముందే పైపులు లాగేవాళ్లు. అక్క కూడా పోయేది. ఆ వరుసల్లో పాములుంటాయి, తీగ తెగితే షాకూ ఉంటుంది, ఎవరు ఏ మూల ఉన్నారో తెలియదు. అందుకని ల్యాంప్ రూమ్ పద్ధతి పెట్టించింది. గేటు దగ్గర కొక్కేల బోర్డు. లోపలికి పోతే బిళ్ల తగిలించాలి, బయటికొస్తే తీసుకోవాలి. బిళ్లలు నా దుకాణంలోనే కోసి, నంబర్లు నేనే కొట్టాను. "నాకు గూడ ఒకటి కొట్టు" అంది. నువ్వు పలకలు కడిగేదానివా అంటే, "లోపలికి పోతున్న గదా" అని కసిరింది.

ఒకసారి పంపు బాగుచేయడానికి పోయినప్పుడు వాళ్లంతా గట్టు మీద అన్నాలు తింటున్నారు. లచ్చవ్వ అంటోంది: "అక్కా, ఇంట్ల చేతద్దం తుడ్వనోళ్లం, ఈడ మైదానమంత అద్దం తుడుస్తున్నం."

"మొఖం జూసుకోరాదే మరి" అంది అక్క.

"జూసుకుంటున్న. నల్లగనే ఉన్న. సోలార్ అయినా బొగ్గు రంగు పోతలేదు."

నవ్వీ నవ్వీ అక్కకు పొలమారింది. ఆమెను అంత సంతోషంగా నేను ఇంకెప్పుడూ చూడలేదు. అల్లా సాక్షిగా చెప్తున్నాను, ఎన్ని శాలువాలు కప్పించుకున్న రోజుల్లోనూ చూడలేదు.

పోయిన ఎండాకాలం ముందు సంస్థ వాళ్లు చెప్పారు, నీళ్లు లేకుండా పలకల మీద దానంతటదే పాకే బ్రష్షు మిషన్లు వస్తున్నాయని. ఇక కడిగేవాళ్లు అక్కర లేదు. అక్క వెళ్లి మేనేజరు ముందు కూర్చుంది. నేనూ పక్కనే ఉన్నాను. ఆ కుర్రాడు చెడ్డవాడు కాదు. ఆమె పుస్తకాలు చదువుకునే ఆ ఉద్యోగానికి వచ్చినవాడు. తడబడుతూ తన కంప్యూటరు ఆమె వైపు తిప్పాడు.

"మేడం, నీటి ఎద్దడి ఉన్న చోట్ల పలకలను నీళ్లు లేకుండానే శుభ్రం చేయాలని... ఇది మీరు రాసిందే కదండీ?"

అక్క కళ్లజోడు పెట్టుకుని చదివింది. "అవును. నేనే రాసిన" అంది. కళ్లజోడు తీసి, "నీళ్ల గురించి కరెక్టే రాసిన" అంది.

మరి ఆ మిషన్లు నడిపే పని ఆడవాళ్లకే నేర్పించండి అని అడిగింది. నడిపేదేమీ ఉండదు మేడం, ఫోన్లో టైము పెడితే చాలు అన్నాడు. దుకాణానికి వచ్చి నా స్టూలు మీద కూలబడింది. ఎవరినైనా తిట్టు అక్కా, తేలికవుతుంది అన్నాను. "ఎవ్వల్ని తిట్టాలె తమ్మీ? అందరు మంచిగనే రాసిండ్రు, నాతో సహా" అంది. నాకైతే చాలామందిని తిట్టాలనిపించింది. ఇప్పటికీ అనిపిస్తోంది.

ఒక్క ఆశ మిగుల్చుకుంది. చేతితో కడిగిన వరుస బ్రష్షు తుడిచిన వరుస కంటే ఎక్కువ కరెంటిస్తుందని మీటర్లతో చూపిస్తే, ఆ పని ఆడవాళ్లకే నిలబడుతుందని. మేనేజరు ఒప్పుకుని ఒక మిషను తెప్పించాడు. ఎండాకాలమంతా అక్క రెండు వరుసల మధ్య గొడుగేసుకుని నిలబడింది. అక్కా, నీ గుండెకు ఈ ఎండ పడదు, డాక్టరు చెప్పాడు కదా అంటే వినలేదు. లచ్చవ్వ వాళ్లు తమ వరుసను పసిపిల్ల ఒళ్లు తోమినట్టు తోమేవాళ్లు. పైఅధికారులకు ఫలితం చూపించాల్సిన వారంలోనే ఆ వరుసల మధ్య పడిపోయింది. సంస్థ జీపులో వేసుకుని అందరం పరుగెత్తాం.

కరీంనగర్ దవాఖానలో నన్ను దగ్గరికి రమ్మంది. గొంతు లేదు.

"రెండు వరుసలు ఒక్క తీర్గనే ఉన్నయి తమ్మీ. ఏం ఫరకు లేదు. లచ్చవ్వకు జెప్పకు."

అవే నాతో ఆఖరి మాటలు. దేశానికి వెలుగు గురించి చెప్పిన మనిషి ఆ చిన్న మాటను ఆ ఆడవాళ్ల దగ్గర దాచి పోయింది. ఇట్లా పోవాల్సిన మనిషి కాదు. ఇంకేం రాయను దీని గురించి.

గోదావరి ఒడ్డున వాళ్ల చిన్నాయన కొడుకు కొరివి పెట్టాడు. ఢిల్లీ నుంచి దండలు వచ్చాయి. ఆడవాళ్లు ఒడ్డు మీద ఒక పక్కగా, ఒకరినొకరు పట్టుకుని నిలబడ్డారు.

పదకొండో దినం అన్నం తిని, మోటారు పట్టుకుని సోలార్ బాయికి పోయాను. అప్పటికే తుడిచే మిషన్లన్నీ దిగాయి. మేనేజరు నా మోటారు చూసి తల వంచుకున్నాడు. "ఇక దీని అవసరం లేదండీ" అన్నాడు. ఆడవాళ్లను ఆ రోజు ఆఖరుసారి పిలిచారు. ఎవరి బిళ్ల వాళ్లకు గుర్తుగా ఇచ్చేస్తామన్నారు. పొద్దున లోపలికి పోయి పైపులు చుట్టి, చీపుళ్లు సర్ది, సాయంత్రం ఒక్కొక్కరే వచ్చి కొక్కెం నుంచి బిళ్ల తీసుకున్నారు.

నేను ఉండబట్టలేక లచ్చవ్వను పక్కకు పిలిచాను. నోరు తెరవకముందే ఆమె అంది: "మాకు తెల్వదా అన్నా? మిషన్ తోముడు మేము జూసినం. మంచిగనే తోమింది. ఎండల నిలవడకు అక్కా అని మొత్తుకున్నం. ఇన్నదా?"

తన బిళ్లను కొంగున కట్టుకుని, మైసమ్మకు దండం పెట్టి, ఆటో ఎక్కింది.

మోటారును తిరిగి బండి మీద కట్టుకుంటూ బోర్డు వైపు చూశాను. కొక్కేలన్నీ ఖాళీ, ఒక్కటి తప్ప. ఆ చివర ఒక బిళ్ల వేలాడుతోంది. అక్క కోసం నేను కొట్టిన నంబరే. ఆమెను జీపులో వేసుకుని పరుగెత్తిన రోజు దాన్ని తీయాలని మాలో ఎవరికీ తోచలేదు. తర్వాత తీయడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. నాకూ రాలేదు.

పొద్దు గూకుతోంది. లోపల పలకల మీద బ్రష్షు ఆ మూల నుంచి ఈ మూలకు పాకుతోంది. వాచ్‌మన్ ఒకసారి బోర్డును చూశాడు, ఒకసారి నన్ను చూశాడు. గేటుకు తాళం వేసి ఇంటికి వెళ్లిపోయాడు.